మాస్టారి దగ్గు

ఢిల్లీకి వచ్చిన తెలుగు రచయిత ఎంత గొప్పవాడైనా మూడో రోజుకల్లా చారన్నానికి మొహం వాచిపోతాడు. సాహిత్యం గురించి రఘువీర్ సొంతంగా కనిపెట్టింది ఆ ఒక్క విషయమే. కానీ దాన్ని బాగా వాడుకున్నాడు. అవార్డు కమిటీకనో, సెమినార్‌కనో వచ్చి ఏదో గెస్ట్‌హౌస్‌లో దిగినవాళ్ళని ఆదివారం పూట స్కూటర్ మీద ఎక్కించుకుని సాకేత్‌లో తన ఇంటికి తీసుకొచ్చేవాడు. ఇల్లు మూడో అంతస్తులో. మెట్లెక్కిన ఆయాసం తగ్గేలోపే టూ-ఇన్-వన్‌లో క్యాసెట్ పెట్టి, రికార్డు చేసే ఎర్ర మీట నొక్కి, "సంస్కృతి అంటే మీ ఉద్దేశంలో ఏమిటి?" అని మొదలుపెట్టేవాడు. వంటింట్లోంచి పప్పు తాలింపు వాసన వస్తూంటే కాదని లేచిపోయే ధైర్యం ఇంతవరకూ ఏ మేధావికీ కలగలేదు.

ఆ సంభాషణలు తెలుగు సంఘం వాళ్ళ మాసపత్రికలో 'మాటామంతీ' అనే శీర్షికతో వచ్చేవి. పైన రచయిత ఫోటో, కింద రఘువీర్ పేరు. మధ్యలో ఉన్నదంతా అతని భార్య మైథిలిది.

మొదట్లో ఆమె పని టేపు విని రాసిపెట్టడం వరకే. ఆమె దస్తూరీ ముత్యాల్లా ఉంటుందనీ, తన దస్తూరీ తనకే అర్థం కాదనీ రఘువీర్ ఆ పని అప్పగించాడు. అతను ఆఫీసుకీ, కూతురు కావేరి స్కూలుకీ వెళ్ళాక, అంట్లు తోమే అమ్మాయి వెళ్ళిపోయాక, మైథిలి మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక ముక్క వినేది, ఆపేది, రాసేది, వెనక్కి తిప్పేది. మొదటి క్యాసెట్‌లోనే ఆమెకి ఒక సంగతి తెలిసిపోయింది. పెద్దవాళ్ళు వాక్యాలు పూర్తి చెయ్యరు. 'అంటే', 'ఏమిటంటే', 'ఆ విధంగా' అంటూ మూడు మెట్లెక్కి, నాలుగో మెట్టు దగ్గర మజ్జిగ అడుగుతారు. ఆ నాలుగో మెట్టు మైథిలి కట్టేది. రానురాను ఆవిడ మూడో మెట్టు కూడా కట్టింది. ఆ తర్వాత కొందరికి ఇంటి పునాది నుంచీ తానే వేసింది.

ఒక్కరంటే ఒక్కరు, నేనలా అనలేదే అని ఉత్తరం రాయలేదు. పైగా "నా మనసును ఉన్నదున్నట్టు పట్టుకున్నారు" అని రఘువీర్‌కి కార్డులు వచ్చేవి. అతను వాటిని ఫైలు చేసేవాడు.

ఇప్పుడవన్నీ పుస్తకంగా వస్తున్నాయి. ఇరవై మూడు మంది. ఎవరిని ముందు వెయ్యాలన్నదాని మీద మేధావులు ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకుంటారని భయపడి, రఘువీర్ అందరినీ అకారాది క్రమంలో పెట్టాడు. "అక్షరం ముందు అందరూ సమానమే" అని దానికో సిద్ధాంతం కూడా చెప్పాడు. విజయవాడ ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చాయి. మైథిలి అచ్చుతప్పులు దిద్దుతూ దిద్దుతూ ముందు పేజీలకి వచ్చింది. 'సంభాషణలు: రఘువీర్' అని పెద్ద అక్షరాల్లో ఉంది. తిరగేస్తే కృతజ్ఞతలు. సంఘం కార్యదర్శి చెన్నకేశవులు దగ్గర నుంచి టూ-ఇన్-వన్ బాగుచేసిన సర్దార్జీ దాకా అందరూ ఉన్నారు. ఆఖరున, 'వేళకు కాఫీ టిఫిన్లు అందించిన నా అర్ధాంగి మైథిలికి' అని ఉంది.

"టిఫిన్లు ఎప్పుడు పెట్టానండీ వాళ్ళకి? అందరూ భోజనాలకే వచ్చారుగా," అంది ఆవిడ ఆ సాయంత్రం.

"అదొక మాట వరసకి."

"నా పేరు ముందు పేజీలో వెయ్యండి. మీ పక్కన."

రఘువీర్ చెడ్డవాడు కాదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మనిద్దరి మధ్యా పేర్లేమిటి మైథిలీ?"

"అయితే నాదొక్కటే వెయ్యండి. మనిద్దరి మధ్యా పేర్లు లేనప్పుడు ఏదైతేనేం?"

అతను నవ్వి, జోకు బాగుందని మెచ్చుకుని, వార్తలు పెట్టుకున్నాడు. మైథిలి ప్రూఫులు మడిచి బీరువాలో చీరల కింద పెట్టింది. రాసేటప్పుడు ఆవిడ ఏనాడూ పేరు గురించి ఆలోచించలేదు. ఇప్పుడు, పన్నెండేళ్ళ మధ్యాహ్నాలు పోగేసి చూస్తే, కాఫీ దగ్గర తేలింది.

పుస్తకంలో ఇక ఒక్కటే మిగిలింది. అకారాదిలో అందరికంటే చివర వచ్చే వీరరాఘవులు మాస్టారు. విజయవాడలో లెక్చరర్‌గా రిటైరయ్యాడు, డెబ్బై దాటాయి. తెలుగునాట ఆయన పీఠిక లేకుండా పుస్తకం రావడం కష్టం. మూడేళ్ళ కిందట ఆయనతో చేసిన సంభాషణ చిన్నది. పుస్తకానికి పెద్దది కావాలని, మే నెలలో ఆయన ఢిల్లీ వచ్చినప్పుడు రఘువీర్ ఒక ఆదివారం వెళ్ళి పట్టుకొచ్చాడు.

బయట వడగాడ్పు. మాస్టారు మూడు అంతస్తులూ ఎక్కి, సోఫాలో కూలబడి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. కావేరి మంచినీళ్ళు తెచ్చి, "నమస్తే అంకుల్," అంది. తాతగారూ అని పిలిపించుకోవడానికి అలవాటుపడ్డ ఆయన ఒక్క క్షణం వెనక్కి తిరిగి, అంకుల్ ఎవరా అని చూశాడు.

రఘువీర్ టూ-ఇన్-వన్‌ని భోజనాల బల్ల చివర పెట్టి, మీట నొక్కి, మైథిలి అల్లిన లేసు గుడ్డ కప్పాడు. చక్రాలు తిరుగుతూ కనిపిస్తే పెద్దమనుషులు మాట్లాడ్డం మాని ఉపన్యాసంలోకి దిగుతారని అతని అనుభవం. తర్వాత మొదటి ప్రశ్న వేశాడు. వంటింట్లో మైథిలి అరటికాయ చెక్కు తీసి, తరిగి, మూకుట్లో వేసేసరికి కూడా ప్రశ్న అవలేదు. చివరికి ఎక్కడో అది ముగిసింది.

"ప్రశ్న బాగుంది," అన్నాడు మాస్టారు. "ఏమిటంటే..."

ఫ్యాను ఆగిపోయింది.

"కరెంటు పోయింది. మీరు కానివ్వండి మాస్టారూ, దీన్లో బ్యాటరీలున్నాయి. ఆగదు," అన్నాడు రఘువీర్ ధీమాగా.

మాస్టారు కానిచ్చాడు. చేతిలో పేపరుతో విసురుకుంటూ, సంప్రదాయం దగ్గర మొదలుపెట్టి ఆధునికత మీదుగా ప్రపంచ మార్కెట్టు దాకా అరగంట ప్రయాణం చేశాడు. ఆయన మంచి ఊపు మీద ఉండగా పడగ్గదిలో ఫోను మోగింది. చెన్నకేశవులు. సాయంత్రం సంఘం సభలో మాస్టారికి కప్పబోయే శాలువా కిందటి నెల ఇంకో కవికి కప్పినదేననీ, ఆ కవి గెస్ట్‌హౌస్‌లో మర్చిపోతే వెనక్కి తెచ్చారనీ, అందులో తప్పేమైనా ఉందా అనీ ఆయన సందేహం. చెన్నకేశవులు సందేహం ఏదైనా అరగంటకి తక్కువ ఉండదు. "మీరు భోంచేస్తూ ఉండండి మాస్టారూ," అని రఘువీర్ గది తలుపు వేసుకున్నాడు. మీట నొక్కి ఆపడం మర్చిపోయాడు.

మైథిలి కంచం పెట్టి గోంగూర పప్పు వడ్డించింది. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చి ఫ్యాను తిరిగింది. లోపల్నుంచి కావేరి, "మమ్మీ, లైట్ ఆ గయీ!" అని అరిచింది.

మాస్టారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "అమ్మాయ్, ఈ గోంగూర ఎక్కడిదమ్మా?"

"ఐఎన్‌ఏ మార్కెట్లో దొరుకుతుందండీ. పొద్దున్నే వెళ్ళాలి. ఆలస్యమైతే మలయాళీలు తమకి గోంగూర అక్కర్లేకపోయినా కొనేస్తారు."

"మూణ్ణాలుగు రోజులబట్టీ పనీరు పెట్టి చంపుతున్నారు. తింటూంటే అధ్యక్షోపన్యాసం వింటున్నట్టుంది. రుచీ ఉండదు, అవనూ అవదు."

మైథిలి ఫక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు. ఇంకో గరిటె పప్పు పడింది.

"నువ్వేమైనా చదువుతావా అమ్మా?"

"వింటానండీ. మీరు కాక ఇరవై రెండు మంది పెద్దవాళ్ళని విన్నాను. ఒకాయన స్త్రీ స్వేచ్ఛ గురించి గంటసేపు చెప్పి, పక్కనే ఉన్న మంచినీళ్ళ కూజా చూపించి, అమ్మా కాసిని నీళ్ళు అన్నాడు. చెయ్యి చాపిన దూరం కూడా లేదు."

"ఎవరాయన?" అన్నాడు మాస్టారు ఆశగా.

"చెప్పకూడదండీ. అప్పడం వెయ్యనా?"

"వెయ్యి. అందుకే నేను సభల్లో ఎప్పుడూ ఒక మాట చెబుతూంటాను. ఎవరూ చూడనప్పుడు తన కంచం తను తీస్తాడా లేదా, అదీ మనిషి సంస్కృతి. చప్పట్లు ఆగవు. మొన్న అనంతపురంలో అయితే లేచి నిలబడి కొట్టారు. నిజానికి మొదటిసారి ఆ మాట నా నోట వచ్చింది మీ ఇంట్లోనే."

మైథిలి అప్పడాల పళ్ళెం కింద పెట్టింది. పన్నెండేళ్ళుగా ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని కూడా అనుకోలేదు. కానీ బీరువాలో చీరల కింద ప్రూఫు ఉంది.

"రాలేదండీ," అంది.

"ఏం రాలేదు?"

"ఆ మాట మీ నోట రాలేదు. ఆ రోజు మీరు, సంస్కృతి అంటే ఏమిటంటే, అని దగ్గారు. చాలాసేపు దగ్గారు. ఈలోగా కింద కూరగాయల బండివాడు అరిచాడు. దగ్గు తగ్గాక మీరు వేరే విషయంలోకి వెళ్ళిపోయారు. ఆ దగ్గున్నచోట నేను రాశాను."

మాస్టారు చేతిలో ముద్ద అలాగే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. లోపల రఘువీర్, "శాలువాకేముంది చెన్నకేశవులుగారూ, కప్పేవాళ్ళ మనసు ముఖ్యం," అంటున్నాడు.

"దగ్గు," అన్నాడు మాస్టారు.

"అవునండీ."

"మరి మిగతాది? ఆ మూడు పేజీల్లో నావి ఎన్ని మాటలమ్మా?"

"'అంటే' మీదే. 'ఆ విధంగా' కూడా మీదే. నాలుగైదు చోట్ల."

ఆయన భుజాలు కదిలాయి. మళ్ళీ దగ్గు వచ్చిందేమోనని మైథిలి గ్లాసు అందించబోయింది. దగ్గు కాదు, నవ్వు. కళ్ళల్లోంచి నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"నీకో సంగతి చెబుతాను. ఎవరికీ చెప్పకు. పదేళ్ళబట్టీ నేను పీఠికలు రాసే పుస్తకాలు చదవడం లేదు. మా ఆవిడ నాగేంద్రమ్మ చదువుతుంది. బాగుంటే పేజీ మూల ఒక మడత పెడుతుంది, బాగోకపోతే రెండు మడతలు. నేను మడతలు చూసుకుని రాస్తాను. ఈ ఏడాది ఒక్క పుస్తకానికే ఒక మడత పడింది. అయినా అందరూ మహాకవులే అని రాశాను, మొహమాటం. అదేమో అందుకు నాతో రెండ్రోజులు మాట్లాడలేదు."

"ఆవిడ పేరు ఎక్కడైనా వేశారా?"

"లేదు. పుస్తకం మీద నీ పేరుందా?"

"ఉందండీ. కాఫీ దగ్గర."

"మా ఆవిడ పేరు కాఫీ దగ్గర కూడా లేదు," అన్నాడు ఆయన. మజ్జిగన్నం తిన్నాడు. తిని, గభాల్న లేచి కంచం తీశాడు.

"అయ్యో, అక్కడ పెట్టండి మాస్టారూ!"

"నువ్వు చూడకు. చూస్తే లెక్కలోకి రాదుగా!" అంటూ సింకు దగ్గరికి నడిచాడు. కుళాయి తిప్పాడు. కంచం చేతిలోంచి జారి పెద్ద చప్పుడుతో పడింది. ఎత్తి, ఇంకోసారి నీళ్ళ కింద పెట్టి తీశాడు.

"కడగలేదండీ, తడిపారు," అంది మైథిలి.

బల్ల చివర లేసు గుడ్డ కింద ఏదో టక్కుమంది. అప్పుడే తలుపు తీసుకుని వచ్చిన రఘువీర్ మొహం వెలిగిపోయింది. "చూశారా, టేపు సరిగ్గా సరిపోయింది!"

మర్నాడు మధ్యాహ్నం మైథిలి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రఘువీర్ ప్రశ్న వచ్చింది. ఏడు నిమిషాలు. "ప్రశ్న బాగుంది. ఏమిటంటే..." ఆ పైన చిన్న మూలుగు. తర్వాత కావేరి గొంతు, "మమ్మీ, లైట్ ఆ గయీ!" ఆ తర్వాత గోంగూర.

ఆవిడ మొదటిసారి ఆపకుండా, వెనక్కి తిప్పకుండా, చివరి టక్కు దాకా వింది.

సాయంత్రం రఘువీర్ బూట్లు కూడా విప్పకుండా విన్నాడు. సగంలో ఆపి, టూ-ఇన్-వన్ బోర్లా తిప్పి వెనక మూత తీశాడు. లోపల బ్యాటరీలు లేవు, ఖాళీ.

"వాక్‌మన్ కే లియే లియే థే డాడీ," అంది కావేరి గుమ్మంలో నిలబడి, వాటిని తీసింది తనేనని ఒప్పుకుంటూ. "ఫిజిక్స్ టెస్ట్ థా."

ఫిజిక్సుకీ వాక్‌మన్‌కీ సంబంధం ఏమిటని అడిగే ఓపిక అతనికి లేదు. తల పట్టుకు కూర్చున్నాడు. అరగంట సంప్రదాయం, ఆధునికత, ప్రపంచ మార్కెట్టు గాలికి పోయాయి. మాస్టారు నిన్న రాత్రే శాలువాతో సహా రైలెక్కేశాడు. పదిహేను రోజుల్లో ప్రెస్సుకి పేజీలు వెళ్ళాలి.

"పోనీలే," అన్నాడు చివరికి. "నువ్వు రాసెయ్. ఆయనేమంటారో నీకు తెలియనిదా?"

అనేశాక ఆ మాట అతనికే వినబడినట్టుంది. బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు.

"తెలుసు," అంది మైథిలి. "కానీ ఈసారి రాయను. ఆయన మొదటిసారి వాక్యాలు పూర్తి చేశారు. అందులో నాకు పనే లేదు. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తాను, అది వెయ్యండి."

"ఆ మడతల గొడవ వేస్తే ఆయన నా మొహం చూస్తాడా?"

"ఆయన ఒప్పుకుంటేనే వెయ్యండి."

మూడు మధ్యాహ్నాలు కూర్చుని రాసింది. ఆవిడ మాట్లాడిన ప్రతిచోటా 'మైథిలి' అని పెట్టి రెండు చుక్కలు పెట్టింది. ఎప్పుడూ ఒక్క వాక్యానికి కుదించే రఘువీర్ ప్రశ్నని ఈసారి పూర్తిగా రాసింది. ఆ ప్రశ్న ఒక్కటే నాలుగు పేజీలు వచ్చింది.

"ఇదంతా నేనన్నదా?" అన్నాడు అతను.

"మీరు ఊపిరి పీల్చుకున్నచోట కామా కూడా పెట్టాను."

కాగితాలు విజయవాడకి కొరియర్‌లో వెళ్ళాయి. మాస్టారు ఛస్తే ఒప్పుకోడని రఘువీర్ ధైర్యం. మైథిలి భయమూ అదే. కోర్టులో సాక్షిలాగా, ఉన్న నిజమంతా చెప్పేసిన మనిషి, పొద్దున్నే లేచి శాలువా చూసుకుంటే మళ్ళీ పెద్దమనిషి అయిపోడూ? ఆయన వద్దంటే ఈ కాగితాలు మళ్ళీ చీరల కిందికి పోతాయి, పుస్తకం కాఫీతోనే వస్తుంది.

జాగ్రత్త కోసం రఘువీర్ ఆ పై ఆదివారం తనే కలం పట్టుకుని కూర్చున్నాడు. గోల చెయ్యొద్దని కావేరికి చెప్పాడు. రెండుసార్లు మంచినీళ్ళు తాగాడు. మైథిలి బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ మధ్యలో వెళ్ళి చూస్తే కాగితం మీద 'సంస్కృతి అంటే ఏమిటంటే' అని ఉంది. రెండు గంటల తర్వాత కూడా అంతే ఉంది.

"పోనీ దగ్గి చూడండి," అంది ఆవిడ.

అతను కోప్పడలేదు. కలం మూత పెట్టి, చాలాసేపు ఆ మూడు మాటల వంకే చూస్తూ కూర్చున్నాడు.

పదో రోజున కవరు వచ్చింది. రఘువీర్ చింపి, ఉత్తరం కోసం కాగితాలన్నీ దులిపాడు. ఉత్తరం లేదు. మైథిలి పంపిన కాగితాలే తిరిగొచ్చాయి. మొదటి పేజీ పైమూల మడిచి ఉంది.

ఒక్క మడత.

చివరి పేజీ అడుగున పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో మూడు వాక్యాలున్నాయి. 'ఆయన వద్దన్నారు. నేను అచ్చు వెయ్యమంటున్నాను, ఇప్పుడాయనా సరేనన్నారు. తడిపారన్న మాట మాత్రం తియ్యకండి, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అంతే. నాగేంద్రమ్మ.'

రఘువీర్ రెండుసార్లు చదివాడు. కాగితాలు బల్ల మీద పెట్టి, మూల ఆ మడతని వేలితో సరిచెయ్యబోయి, ఊరుకున్నాడు.

"ఆ ముందు పేజీలు ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

మైథిలి చీరల కిందనుంచి తెచ్చి ఇచ్చింది. అతను కృతజ్ఞతల పేజీలో ఆఖరి వాక్యం కొట్టేశాడు. వెనక్కి తిప్పి, 'రఘువీర్' అని ఉన్నదాని కింద 'మైథిలి' అని రాశాడు. అతని దస్తూరీలో అది ఎవరి పేరో తెలియడం కష్టమే. రాసి, ఆవిడ మొహం వంక చూశాడు, ఇక అయిందిగా అన్నట్టు.

మైథిలి పేజీ తన వైపు తిప్పుకుంది. "ఇరవై మూడు మంది పెద్దవాళ్ళనీ అకారాదిలో నిలబెట్టారు కదండీ. అక్షరం ముందు అందరూ సమానమే అన్నారు."

"అయితే?"

కావేరి చదువుకుంటున్న పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "మ పహ్లే ఆతా హై డాడీ," అంది. "ఫిర్ య, ఫిర్ ర. మమ్మీనే సిఖాయా థా."

రఘువీర్ వేళ్ళ మీద ప, ఫ, బ, భ అంటూ లెక్కపెట్టుకున్నాడు. ర కంటే ముందున్న మ దగ్గర ఆగాడు. తర్వాత కింది పేరు నుంచి పైకి ఒక బాణం గుర్తు గీశాడు.

గీశాక, కొట్టేసిన వాక్యం గుర్తొచ్చి మళ్ళీ ఆ పేజీ తీశాడు. "మరి కాఫీకి ఎవరికి కృతజ్ఞతలు చెప్పను?"

"ఎవరు పెడితే వాళ్ళకి," అంది మైథిలి, కుర్చీలోంచి లేవకుండా.